యూనిట్ 9: ఎలక్ట్రానిక్ విడిభాగాల పంపిణీదారులు, వారి సోదర సంస్థలు – కొనుగోలుదారు దృష్టిలో చరిత్ర

9.0 లక్ష్యాలు

ఈ యూనిట్‌ను చదివిన తరవాత మీరు:
• ఎలక్ట్రానిక్ విడిభాగాల పంపిణీ వ్యాపారం ఏ పరిస్థితుల్లో పుట్టిందో వివరించగలుగుతారు;
• మాతృ సంస్థ, అనుబంధ సంస్థ, సోదర సంస్థ అనే మాటల మధ్య తేడాను చెప్పగలుగుతారు;
• సోదర సంస్థలు ఏర్పడిన మూడు మార్గాలను ఉదాహరణలతో చర్చించగలుగుతారు;
• భారతదేశంలో దిగుమతి లైసెన్సుల విధానం చిన్న కొనుగోలుదారుపై చూపిన ప్రభావాన్ని అంచనా వేయగలుగుతారు;
• ఒక కొనుగోలులో నిజంగా ఏ సంస్థతో ఒప్పందం కుదిరిందో గుర్తించగలుగుతారు.

9.1 పరిచయం

1967 ఆగస్టు 4న నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదిలారు. ఎడమ కాలువ కింద వరి విస్తరించింది. వరి వెంట మిర్యాలగూడ చుట్టుపక్కల రైస్ మిల్లులు వచ్చాయి. అదే సంవత్సరం ఏప్రిల్ 11న హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా లిమిటెడ్ (ఈసీఐఎల్) ఏర్పడింది. ఆనాడు ఈ రెండింటికీ సంబంధం ఉందని ఎవరూ అనుకొని ఉండరు. ఇవాళ ఆ సంబంధాన్ని మీరు ఏ పెద్ద మిల్లులోనైనా చూడవచ్చు. బియ్యంలో రంగు మారిన గింజను కెమెరాతో గుర్తించి, గాలి దెబ్బతో పక్కకు నెట్టే సార్టెక్స్ మిషన్ పూర్తిగా ఎలక్ట్రానిక్ బోర్డుల మీద ఆధారపడి నడుస్తుంది. యాసంగి ధాన్యం మిల్లుకు చేరే రోజుల్లో ఆ బోర్డులో ఒక చిన్న ఐసీ పోతే మిషన్ ఆగుతుంది. మిషన్ ఆగితే లారీలు ఆగుతాయి.

ఇప్పుడు దామరచర్ల మండలంలోనే ఇద్దరు కొనుగోలుదారులను ఊహించండి. మొదటివారు వీర్లపాలెం దగ్గర 4,000 మెగావాట్ల సామర్థ్యంతో నిర్మించిన యాదాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రం వంటి పెద్ద సంస్థ. అలాంటి సంస్థకు నియంత్రణ పరికరాలు యంత్రాలతో పాటే, ఒప్పందం ప్రకారం వస్తాయి. రెండవవారు బోర్డులు బాగుచేసే మెకానిక్. ఆయనకు కావలసినవి నాలుగు ఐసీలు, పది కెపాసిటర్లు. వాటి కోసం వెతికితే ఆయనకు ఎన్నో పంపిణీదారుల పేర్లు ఎదురవుతాయి. కొన్ని పేర్లు వేరుగా ఉన్నా యజమాని ఒక్కరే. ఒకే యజమాని కింద ఉన్న రెండు సంస్థలు ఒకే విడిభాగానికి వేర్వేరు ధరలు, వేర్వేరు నియమాలు చెబుతాయి. ఎందుకిలా జరుగుతుంది? ఈ ప్రశ్నకు జవాబు ఆ సంస్థల చరిత్రలో ఉంది. ఈ యూనిట్‌లో దానినే పరిశీలిద్దాం.

9.2 భావనలు: మాతృ సంస్థ, అనుబంధ సంస్థ, సోదర సంస్థ

ఒక కంపెనీపై మరొక కంపెనీకి నియంత్రణ ఉంటే, నియంత్రించేది మాతృ సంస్థ, దాని కింద ఉన్నది అనుబంధ సంస్థ. ఒకే మాతృ సంస్థ కింద ఉన్న రెండు అనుబంధ సంస్థలు ఒకదానికొకటి సోదర సంస్థలు. 2013 కంపెనీల చట్టం మాతృ సంస్థను, అనుబంధ సంస్థను విడివిడిగా నిర్వచించింది. సోదర సంస్థ అన్నది వ్యాపార వ్యవహారంలోని మాట. మన పత్రికలు చాలాసార్లు ఈ రెండింటికీ ‘అనుబంధ సంస్థ’ అనే మాటనే వాడతాయి. అందువల్ల పాఠకుడికి గందరగోళం కలుగుతుంది.

మీకు బాగా తెలిసిన ఉదాహరణతో దీన్ని అర్థం చేసుకుందాం. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుత్ బోర్డు 1999 ఫిబ్రవరి 1న జెన్కో, ట్రాన్స్‌కోలుగా విడిపోయింది. 2000లో పంపిణీ బాధ్యత నాలుగు డిస్కంలకు వెళ్ళింది. రాష్ట్ర విభజన తరవాత తెలంగాణకు తన జెన్కో, ట్రాన్స్‌కో, రెండు డిస్కంలు ఏర్పడ్డాయి. అన్నింటి యజమానీ ప్రభుత్వమే. అయినా దామరచర్లలో ఒక ఇంటికి కరెంటు బిల్లు తప్పుగా వస్తే, పక్క ఊళ్ళో ఉన్న విద్యుత్ కేంద్రానికి వెళ్ళి అడిగి ప్రయోజనం లేదు. ఆ బిల్లు ఇచ్చింది దక్షిణ డిస్కం. జవాబు చెప్పవలసింది కూడా అదే. విడిభాగాల వ్యాపారంలోనూ సూత్రం ఇదే. ఇంటిపేరు ఒకటే కావచ్చు, పొయ్యిలు మాత్రం వేరు.

9.3 రేడియో దుకాణం నుంచి కేటలాగు వరకు

విడిభాగాల పంపిణీ వ్యాపారానికి మూలం రేడియో. 1920లలో అమెరికాలో రేడియో ప్రసారాలు మొదలైనప్పుడు, చాలామంది భాగాలు కొని రేడియోలను స్వయంగా అమర్చుకునేవారు. న్యూయార్క్‌లోని కోర్ట్‌లాండ్ వీధి చుట్టూ ఇలాంటి దుకాణాలు గుంపుగా వెలిశాయి. ఆ ప్రాంతాన్ని ‘రేడియో రో’ అని పిలిచేవారు. ఛార్లెస్ ఆవ్‌నెట్ 1921లో అక్కడే రేడియో భాగాల వ్యాపారం మొదలుపెట్టాడు. యారో సంస్థ 1935లో అక్కడే ఒక రేడియో దుకాణంగా పుట్టింది. ఈ రెండూ తరవాతి కాలంలో ప్రపంచంలోని అతి పెద్ద పంపిణీ సంస్థల్లో చేరాయి. వరల్డ్ ట్రేడ్ సెంటర్ నిర్మాణం కోసం 1960లలో ఆ వీధినే కూల్చివేశారు.

చికాగోలో 1928లో అలైడ్, 1934లో న్యూవార్క్ మొదలయ్యాయి. ఇంగ్లండ్‌లో 1937లో లండన్ కేంద్రంగా ‘రేడియోస్పేర్స్’, 1939లో లీడ్స్ నగరంలో ఫార్నెల్ ఏర్పడ్డాయి. రేడియోస్పేర్స్ పేరు గమనించండి. దాని తొలి ఖాతాదారులు రేడియోలు బాగుచేసే దుకాణదారులు. అంటే ఈ వ్యాపారంలో ఒక ముఖ్యమైన శాఖ మిర్యాలగూడ మెకానిక్ వంటివారి కోసమే పుట్టింది.

రెండవ ప్రపంచ యుద్ధం తరవాత పరిస్థితి మారింది. రక్షణ రంగం, విమానాలు, కంప్యూటర్లు తయారుచేసే కర్మాగారాలు పెద్ద ఖాతాదారులయ్యాయి. తయారీదారు తన సరుకును ఎంపిక చేసిన కొందరికే ఇచ్చి, వారి నుంచి నిల్వ, సాంకేతిక సలహా, అప్పు సౌకర్యం ఆశించాడు. ఇలా ‘అధీకృత పంపిణీదారు’ అనే స్థానం స్థిరపడింది. అయితే లక్షల సంఖ్యలో కొనేవారి కోసం కట్టిన గిడ్డంగి పది భాగాలు అడిగినవాడికి అనుకూలంగా ఉండదు. ఆ ఖాళీని కేటలాగు సంస్థలు పూరించాయి. పుస్తకంలో ధర ముద్రించి, ఒక్క భాగాన్ని అయినా పంపించడం వారి పద్ధతి.

కాలిఫోర్నియాలో భౌతికశాస్త్రం బోధించే జెర్రీ మౌజర్ 1964లో ప్రారంభించిన సంస్థ ఇలాంటిదే. విద్యార్థుల ఎలక్ట్రానిక్స్ ప్రయోగాలకు భాగాలు దొరకకపోవడమే దానికి ప్రేరణ. 1972లో మిన్నెసోటాలోని థీఫ్ రివర్ ఫాల్స్ అనే చిన్న ఊరిలో రొనాల్డ్ స్టోర్డాల్ స్థాపించిన డిజి-కీ కూడా ఈ కోవకే చెందుతుంది. హామ్ రేడియో అభిరుచి ఉన్నవారికి అమ్మిన ఒక కిట్టు దాని పేరుకు మూలం.

9.4 సోదర సంస్థలు ఏర్పడిన మూడు మార్గాలు

(అ) ఆర్డరు పరిమాణాన్ని బట్టి. టెక్సాస్‌లోని ఫోర్ట్ వర్త్‌లో పాల్ ఆండ్రూస్ 1971లో టీటీఐ సంస్థను ప్రారంభించాడు. రెసిస్టర్లు, కెపాసిటర్లు, కనెక్టర్లను కర్మాగారాలకు పెద్ద మొత్తంలో సరఫరా చేయడం దాని బలం. 2000లో టీటీఐ మౌజర్‌ను కొన్నది. 2007లో టీటీఐని బెర్క్‌షైర్ హాథవే కొన్నది. అయినా మౌజర్ పేరు, పద్ధతి మారలేదు. కొత్త డిజైన్ తయారుచేసే ఇంజనీరుకు తక్కువ సంఖ్యలో, త్వరగా అందించడం మౌజర్ పని. ఆ డిజైన్ కర్మాగారానికి చేరి నెలనెలా వేల సంఖ్యలో భాగాలు కావలసి వచ్చినప్పుడు సరఫరా చేయడం టీటీఐ పని. ఒకే కుటుంబం రెండు వేర్వేరు అవసరాలకు రెండు తలుపులు పెట్టిందన్నమాట.

(ఆ) ప్రాంతాన్ని బట్టి. 1996లో ఫార్నెల్, న్యూవార్క్ యజమాని అయిన అమెరికా సంస్థ ప్రీమియర్ ఇండస్ట్రియల్‌ను కొని ‘ప్రీమియర్ ఫార్నెల్’గా మారింది. ఆ సంస్థ అమెరికా ఖండంలో న్యూవార్క్, ఐరోపాలో ఫార్నెల్, ఆసియా–పసిఫిక్ దేశాల్లో ఎలిమెంట్14 అనే పేర్లతో వ్యాపారం చేసింది. భారతీయ కొనుగోలుదారుకు కనిపించేది ఈ మూడవ పేరు. మూడు పేర్లూ ఒకే కుటుంబానివి అయినా, ధర, కరెన్సీ, పన్ను, దగ్గరలో ఉన్న గిడ్డంగి మాత్రం ప్రాంతాన్ని బట్టి మారతాయి.

(ఇ) కొనుగోళ్ళు, అమ్మకాల వల్ల. అలైడ్ చరిత్ర దీనికి మంచి ఉదాహరణ. 1993లో ఆవ్‌నెట్ హాల్-మార్క్ అనే సంస్థను కొన్నప్పుడు, దాని కింద ఉన్న అలైడ్ కూడా ఆవ్‌నెట్ కుటుంబంలో చేరింది. 1999లో ఆవ్‌నెట్ అలైడ్‌ను బ్రిటన్‌లోని ఎలక్ట్రోకాంపోనెంట్స్‌కు అమ్మింది. పూర్వపు రేడియోస్పేర్స్, అంటే ఆర్‌ఎస్, ఈ సంస్థదే. దానితో అలైడ్, ఆర్‌ఎస్‌లు సోదర సంస్థలయ్యాయి. 2022లో మాతృ సంస్థ పేరు ఆర్‌ఎస్ గ్రూప్‌గా మారింది. చిన్న ఆర్డర్ల సంస్థను వదులుకున్న ఆవ్‌నెట్, 2016లో ప్రీమియర్ ఫార్నెల్‌ను కొని మళ్ళీ అదే రంగంలోకి వచ్చింది.

ఈ చివరి విషయం మీరు ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. పెద్ద సంస్థలు చిన్న కౌంటరును ఎందుకు కోరుకుంటాయి? ఈరోజు పది భాగాలతో నమూనా తయారుచేసే ఇంజనీరు రేపు లక్ష భాగాల ఆర్డరుకు కారణం కావచ్చు. కాబట్టి సోదర సంస్థల అమరికలో చిన్న కొనుగోలుదారుకు ఒక స్థానం ఉంది. కానీ ఆ స్థానం అన్ని కౌంటర్ల దగ్గరా ఉండదు. అలాగే ప్రతి సంస్థకూ సోదర సంస్థ ఉండాలన్న నియమం లేదు. చిన్న ఆర్డర్లతో పెరిగిన డిజి-కీ ఏ పెద్ద పంపిణీ సంస్థ కుటుంబంలోనూ చేరకుండా, అదే పేరుతో పెద్ద ఆర్డర్లను కూడా తీసుకుంటోంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
1. టీటీఐ, మౌజర్ సంస్థల మధ్య పని విభజనను మూడు వాక్యాలలో రాయండి.
2. 1999లో అలైడ్ సంస్థ యాజమాన్యంలో వచ్చిన మార్పు ఏమిటి?

9.5 భారతదేశం: లైసెన్సుల కాలం, హైదరాబాదు అనుభవం

1962 చైనా యుద్ధం తరవాత ఎలక్ట్రానిక్స్‌లో స్వావలంబన జాతీయ అవసరంగా కనిపించింది. 1963లో హోమీ భాభా అధ్యక్షతన ఎలక్ట్రానిక్స్ కమిటీ ఏర్పడింది. దాని నివేదిక 1966లో వచ్చింది. మరుసటి సంవత్సరం హైదరాబాదులో ఈసీఐఎల్ ఏర్పడింది. పశ్చిమగోదావరి జిల్లా మోగల్లుకు చెందిన అయ్యగారి సాంబశివరావు దాని నిర్మాత. హైదరాబాదులోని ఏ.ఎస్.రావు నగర్‌కు ఆయన పేరే పెట్టారు. ఈసీఐఎల్ అణుశక్తి రంగానికి పరికరాలు, కంప్యూటర్లు, టెలివిజన్లు తయారుచేసింది. తరవాతి కాలంలో ఎలక్ట్రానిక్ ఓటింగ్ యంత్రాలను కూడా తయారుచేసింది. 1970లో హైదరాబాదులోనే భారత్ డైనమిక్స్ ఏర్పడింది. ఇలా నగరం విడిభాగాలకు పెద్ద కొనుగోలుదారు అయింది.

అయితే ఆ రోజుల్లో దిగుమతులన్నీ 1947 దిగుమతి, ఎగుమతి నియంత్రణ చట్టం కింద జరిగేవి. విదేశీ మారకం కొరత వల్ల లైసెన్సు ఎక్కువగా ‘వాస్తవ వినియోగదారు’కే, అంటే ఆ భాగాన్ని తన కర్మాగారంలో వాడేవారికే దక్కేది. తెచ్చి నిల్వ పెట్టి చిల్లరగా అమ్మేవారికి అవకాశం చాలా తక్కువ. నిల్వ అనేది పంపిణీ వ్యాపారానికి ప్రాణం. అది లేనిచోట పంపిణీదారు ఎదగలేదు. అతని స్థానంలో కమీషన్ మీద విదేశీ తయారీదారుకు ఆర్డరు పంపే ఇండెంటింగ్ ఏజెంటు నిలిచాడు. ఏజెంటు పెద్ద సంస్థకు పనికొస్తాడు. నాలుగు ఐసీలు అడిగే మెకానిక్‌కు పనికిరాడు.

ఆ మెకానిక్‌కు దిక్కు నగరంలోని విడిభాగాల బజారు. హైదరాబాదులో కోఠి దగ్గరి గుజరాతీ గల్లీ, మద్రాసులో రిచీ వీధి, బొంబాయిలో లామింగ్టన్ రోడ్డు, బెంగళూరులో ఎస్‌.పి. రోడ్డు ఈ అవసరం వల్ల పెరిగాయి. పాత యంత్రాల నుంచి తీసిన భాగాలు, మిగులు సరుకు, కొత్త సరుకు అన్నీ ఇలాంటి బజార్లలో పక్కపక్కనే దొరికేవి. అక్కడ నమ్మకం కాగితం మీద కాక, దుకాణదారు ముఖం మీద ఆధారపడేది. బాగులేకపోతే మళ్ళీ వెళ్ళి మార్పించుకోవచ్చు. ఈ బజార్లు లేకపోతే, 1982లో రంగుల టెలివిజన్ వచ్చాక జిల్లాల్లో వెలిసిన మరమ్మతు దుకాణాలు నడిచేవి కావు.

1991 సంస్కరణలు, 1992 విదేశీ వాణిజ్య చట్టం ఈ పరిస్థితిని మార్చాయి. 1997లో భారతదేశం ప్రపంచ వాణిజ్య సంస్థ సమాచార సాంకేతిక ఒప్పందంలో చేరింది. ఆ ఒప్పందంలోని వస్తువులపై, సెమీకండక్టర్లతో సహా, సుంకాన్ని 2005 నాటికి తొలగించడానికి అంగీకరించింది. ఆ తరవాతే విదేశీ పంపిణీ సంస్థలు, వాటి సోదర సంస్థలు మన కొనుగోలుదారుకు నేరుగా చేరువయ్యాయి. కోఠి వరకు రైల్లో వెళ్ళే మెకానిక్ ఇప్పుడు ఫోన్‌లోనే ఆర్డరు పెట్టగలడు. కానీ దుకాణదారు ముఖం కనిపించని ఈ బజారులో ఆయన ఇప్పుడు కాగితాన్ని చదవాలి.

9.6 కొనుగోలుదారుకు తేడా ఎక్కడ?

1. పరిమాణం. చిన్న రెసిస్టర్లు సాధారణంగా ఒక రీలుకు 5,000 చొప్పున వస్తాయి. పెద్ద ఆర్డర్ల సంస్థ రీలునే కనీస ఆర్డరుగా పెట్టవచ్చు. చిన్న ఆర్డర్ల సోదర సంస్థ అదే రీలు నుంచి కావలసినంత ముక్క కత్తిరించి ఇస్తుంది. అందుకు ఒక్కో భాగం ధర ఎక్కువగా ఉంటుంది. దీన్ని మోసం అనుకోకూడదు. లెక్కించడం, కత్తిరించడం, మిగిలిన రీలును నిల్వ ఉంచడం అనే సేవకు ఇచ్చే రుసుము అది. ఉదాహరణకు, ఒక భాగం రీలులో 1 రూపాయి, విడిగా 5 రూపాయలు అనుకుందాం. పది భాగాలకు 50 రూపాయలు ఇవ్వడం ఎక్కువ అనిపిస్తుంది. కానీ ధర చవక అని రీలు కొంటే 5,000 రూపాయలు పెట్టి 4,990 భాగాలను అలమరలో పెట్టుకోవాలి.

2. అధికార పత్రం. తయారీదారు ఇచ్చే అధికారం సాధారణంగా ఫలానా సంస్థకు, ఫలానా ప్రాంతానికి పరిమితం. అన్నకు ఉన్న అధికారం తమ్ముడికి తనంతట తాను రాదు. అందువల్ల ‘మా గ్రూపు అధీకృత సంస్థ’ అనే మాటతో తృప్తిపడకుండా, బిల్లు ఇచ్చే సంస్థకే అధికారం ఉందా అని చూడాలి. ప్రభుత్వ టెండర్లలో తరచుగా తయారీదారు అధికార పత్రం అడగడానికి కారణం ఇదే.

3. బిల్లు, పన్ను. భారతదేశంలో నమోదైన సంస్థ రూపాయల్లో జీఎస్‌టీ బిల్లు ఇస్తే, జీఎస్‌టీ నమోదు ఉన్న కొనుగోలుదారు ఆ పన్నును తన లెక్కలో సర్దుబాటు చేసుకోవచ్చు. అదే కుటుంబంలోని విదేశీ సంస్థ బిల్లు ఇస్తే, దిగుమతిదారు మీరే అవుతారు. కస్టమ్స్ పత్రాలు, వ్యాపార దిగుమతికి కావలసిన కోడ్ మీ బాధ్యత అవుతాయి. చౌకగా కనిపించిన ధర ఇంటికి చేరేసరికి మారిపోవచ్చు.

4. నిల్వ. సోదర సంస్థలు ఒకరి నిల్వను మరొకరు చూపించే సందర్భాలుంటాయి. ‘స్టాకు ఉంది’ అంటే ఎవరి గిడ్డంగిలో, ఏ దేశంలో అని అడగాలి. మిల్లు ఆగి ఉన్నప్పుడు రెండు రోజులకూ రెండు వారాలకూ మధ్య తేడా చాలా పెద్దది.

9.7 కొరత, నకిలీ సరుకు, చట్టం

ఈ ప్రశ్నలకు ఎందుకింత ప్రాధాన్యం? 2012లో అమెరికా సెనేట్ సాయుధ దళాల కమిటీ తమ రక్షణ సరఫరాలో సుమారు 1,800 నకిలీ అనుమానిత కేసులను, వాటిలో పది లక్షలకు పైగా భాగాలను గుర్తించినట్లు నివేదించింది. అంత పెద్ద కొనుగోలుదారుకే ఆ ఇబ్బంది తప్పలేదు. పాత బోర్డుల నుంచి తీసిన ఐసీ పైన అక్షరాలు చెరిపి కొత్తవి ముద్రిస్తే, కంటితో గుర్తుపట్టడం కష్టం. 2020–22 మధ్య ప్రపంచమంతటా చిప్‌ల కొరత ఏర్పడినప్పుడు, అధీకృత సంస్థల దగ్గర సరుకు లేక చాలామంది బయటి దళారుల వైపు వెళ్ళారు. కొరత కాలంలోనే నకిలీకి గిరాకీ. అప్పుడే తొందర ఎక్కువ, పరిశీలన తక్కువ.

చట్టం దృష్టిలో ప్రతి కంపెనీ ఒక ప్రత్యేక వ్యక్తి. 1896లో ఇంగ్లండ్‌లో వచ్చిన సాలొమన్ తీర్పు నుంచి స్థిరపడిన ఈ సూత్రాన్ని మన న్యాయస్థానాలు కూడా అనుసరిస్తున్నాయి. కాబట్టి ఒక సంస్థ ఇచ్చిన సరుకు చెడిపోతే, సాధారణంగా దాని సోదర సంస్థను బాధ్యత వహించమని అడగలేరు. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో మరొక పరిమితి ఉంది. వాణిజ్య ప్రయోజనం కోసం కొన్నవారు ‘వినియోగదారు’ కిందికి రారు. అయితే కేవలం స్వయం ఉపాధితో జీవనం గడపడానికి కొని వాడుకునేవారికి మినహాయింపు ఉంది. మిల్లు యజమానికి, సొంతంగా పనిచేసుకునే మెకానిక్‌కు మధ్య ఈ విధంగా చట్టం కూడా తేడా చూపవచ్చు. అదే భాగాన్ని తిరిగి అమ్మడానికి కొంటే మాత్రం మినహాయింపు వర్తించదు. ఎలా చూసినా, చేతిలో బిల్లు లేనివారి వాదన బలహీనం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
1. లైసెన్సుల కాలంలో నిల్వ ఉంచే పంపిణీదారు ఎందుకు ఎదగలేకపోయాడు?
2. ‘స్టాకు ఉంది’ అనే మాటను కొనుగోలుదారు ఏ ప్రశ్నలతో పరీక్షించాలి?

9.8 సారాంశం

విడిభాగాల పంపిణీ వ్యాపారం రేడియో దుకాణాల నుంచి పుట్టింది. పెద్ద కర్మాగారాలు ఖాతాదారులయ్యాక చిన్న కొనుగోలుదారు కోసం కేటలాగు సంస్థలు వేరుగా ఏర్పడ్డాయి. ఆర్డరు పరిమాణం, ప్రాంతం, కంపెనీల క్రయవిక్రయాలు అనే మూడు కారణాలతో ఇవి సోదర సంస్థలుగా ఒకే కప్పు కిందికి వచ్చినా, వాటి పని పద్ధతులు వేరుగానే నిలిచాయి. భారతదేశంలో లైసెన్సుల విధానం పంపిణీదారును ఎదగనివ్వలేదు. ఆ లోటును కోఠి వంటి బజార్లు తీర్చాయి. 1991 తరవాత తలుపులు తెరుచుకున్నాయి. ఏ తలుపు ఎవరి కోసం పెట్టారో తెలుసుకోవలసిన బాధ్యత మాత్రం కొనుగోలుదారుపై పడింది. బోర్డు మీద ఉన్న పేరు కంటే, బిల్లు మీద ఉన్న పేరును ముందు చదవాలి. మీ డబ్బు తీసుకున్నదీ, మీకు జవాబు చెప్పవలసిందీ ఆ పేరే.

9.9 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ఎలక్ట్రానిక్ విడిభాగాల పంపిణీలో సోదర సంస్థలు ఏర్పడిన మార్గాలను ఉదాహరణలతో చర్చించండి.
2. 1947 నుంచి 2005 వరకు భారతదేశ దిగుమతి విధానం చిన్న కొనుగోలుదారుపై చూపిన ప్రభావాన్ని సమీక్షించండి.

II. కింది ప్రశ్నలకు 15 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. విద్యుత్ బోర్డు విభజన ఉదాహరణతో సోదర సంస్థ భావనను వివరించండి.
2. మీ ఊరిలోని ఒక మరమ్మతు దుకాణానికి వెళ్ళి, అక్కడ ఇటీవల కొన్న మూడు విడిభాగాల బిల్లులను, యజమాని అనుమతితో, పరిశీలించండి. అమ్మిన సంస్థ, దాని మాతృ సంస్థ, అధికార పత్రం ఉన్నదీ లేనిదీ పట్టికగా రాసి, మీ అభిప్రాయాన్ని జోడించండి.